వేడి పడని ఒళ్లు

మా అత్తగారి లెక్కలో మనిషికొచ్చే ప్రతి జబ్బుకీ మూలం చలే. దగ్గొస్తే చలి, కడుపు నొప్పొస్తే చలి, కోడలు ఎదురు మాట్లాడితే దాని నెత్తికి చలి పట్టిందని అర్థం. హుకుంపేటలో మా కొట్టు వెనక పెరట్లో ఆవిడ పొద్దున్నే రాగి కాగు కింద మంట రాజేసేది. ఆ నీళ్లు నా కోసం. ముందు నువ్వుల నూనె వెచ్చబెట్టి తొడల నుంచి అరికాళ్ల దాకా మర్దనా చేసేది. తర్వాత పొగలు కక్కే నీళ్లు చెంబులతో గుమ్మరించేది. ఆఖరికి రగ్గు కప్పి మంచం మీద పడుకోబెట్టేది. ఆ మంచం దాకా నా అంతట నేను నడిచి వెళ్లడం ఎప్పుడోగాని కుదిరేది కాదు. పనిమనిషి చిన్నమ్మి ఒక పక్క, ఆవిడ ఒక పక్క చంకల కింద చేతులేసి ఈడ్చుకెళ్లేవాళ్లు. అప్పటికి నా కాళ్లు నా మాట వినేవి కావు. ఎడమ కంట్లో ఎదురుగోడ మసకేసిపోయేది. "సూసినావా రత్నం, ఎంత సలి దాక్కుందో నీ ఒంట్లో. ఇంత వేడికీ వదల్లేదు" అని, మర్నాటికి ఇంకో రెండు దుంగలు ఎక్కువ పేర్చి పెట్టేది.

ఆవిడ గయ్యాళి అయినా బాగుండేది. మనసులో నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. కానీ నేనంటే ఆవిడకి ఇష్టం. నా పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క వేలూ లాగుతూ, నేను మళ్లీ గడగడా నడిచి సంతంతా తిరిగేస్తానని చెప్పేది. మోకాళ్ల నొప్పులతో తను మూలుగుతూనే నాకు నీళ్లు తోడేది. ఆ రోజుల్లో నా ఒంటిని ముట్టుకున్న చేతులు అవే. మా ఆయన వరహాలరావు, జబ్బు పేరు తెలిసిన దగ్గర్నుంచి పక్క వేరే వేసుకున్నాడు. నీ నిద్ర చెడుతుందని అన్నాడు. నాకు నిద్ర చెడగొట్టే మనిషి పక్కన ఉంటే ఎంత బాగుండునో అని ఎన్నిసార్లు అనుకున్నానో. జబ్బు మనిషికి ముద్దూ మురిపెం అక్కర్లేదని ఎవరు రాసిపెట్టారో తెలీదు. అందరూ అలాగే నమ్ముతారు.

మా అత్తింటివాళ్లది సాలూరు. మామగారి కాలంలో ఉప్పూ కిరసనాయిలూ బట్టలూ పట్టుకుని కొండెక్కారు. రాజ్‌మా, చింతపండు, నూనె తీసే వలిసెలు, అల్లం కొని కిందికి పంపడం మొదలుపెట్టారు. మాలాంటి షావుకార్లకి లోకం రెండు ముక్కలు: పైన, కింద. పైన సంపాదించుకోవాలి, కింద బతకాలి. పెళ్లిళ్లూ పురుళ్లూ చదువులూ అన్నీ కిందే. ఇక్కడ ముప్ఫై ఏళ్లున్నా అద్దెకొచ్చినట్టే మాట్లాడతారు. నేను మాత్రం కాపరానికొచ్చిన మొదటి చలికాలమే ఈ కొండల మాయలో పడిపోయాను. పొద్దున్నే తలుపు తీస్తే వీధి కనపడనంత మంచు, ఆ మంచులోంచి కావిళ్లతో దిగే మనుషుల మాటలు, వాళ్లకంటే ముందే నా ముక్కుకి చేరే పచ్చి అల్లం వాసన. అదే సాలూరులో మా పుట్టింట్లో నాకెప్పుడూ తలుపు తీసి నిలబడాలనిపించలేదు.

సంత రోజు నేను చేసే పనికి మా ఆయన పెట్టిన పేరు "కొట్లో కూర్చోడం". ముందురోజు చింతపండు పిక్క తీయించాలి, రాజ్‌మాలో రాళ్లేరాలి. సంతనాడు బస్తాలు మోసేవాళ్లకీ లారీ వాళ్లకీ కట్టెల పొయ్యి మీద గుండిగెడు అన్నం, పప్పు, పులుసు. ఎవరొస్తే వాళ్లకి టీ. అవన్నీ అయ్యాక కాటా పక్కన చేరి కొండోళ్లు తెచ్చిన సరుకు తూచాలి. "మా ఆవిడ కొట్లో కూర్చుంటుంది" అని కిందినుంచి వచ్చిన చుట్టాలతో గర్వంగానే చెప్పేవాడు, ఖాళీగా ఉంచడం లేదన్నట్టు.

జబ్బు మొదట కంటికొచ్చింది. మా పాప సోని ఇంకా బడికెళ్లని రోజులు. ఒక కార్తీకంలో దాన్ని చంకనేసుకుని వలిసె చేను గట్టున నిలబడ్డాను. కొండ మొదట్నుంచీ పైదాకా పూల పసుపు పరిచేసి ఉంది. కుడికన్ను మూసి చూస్తే ఆ పసుపంతా వెలిసిపోయి గంజి రంగైంది. ఎడమ కన్ను మూస్తే మళ్లీ భగ్గుమంది. భయమేసి మా ఆయనతో చెబితే, "రెండు కళ్లూ తెరుచుకుని చూడు, సరిపోతుంది" అన్నాడు. కొన్ని వారాలకి దానంతటదే సర్దుకుంది. ఆయన మాటే నెగ్గింది.

తర్వాత వేళ్లు. రాజ్‌మా ఏరుతుంటే ఏది గింజో ఏది రాయో చేతికి తెలిసేది కాదు. సోనికి జడ వేస్తుంటే మూడు పాయలూ జారిపోయేవి. కాటా పట్టుకుంటే పళ్లేలు వణికేవి. చూసినవాళ్లు మోసం చేస్తున్నావనుకుంటారని మా ఆయన నవ్వాడు. మా కాటా సంగతి కొండోళ్లకి తెలియనిదేం కాదు, ఆ వణుకు రాకముందు కూడా. మెడ వంచితే వెన్ను పొడుగునా కరెంటు కొట్టినట్టయ్యేది. ఆ మాట చెబితే మా ఆయన అక్క, విజయనగరం వదిన, ఫోనులో ఒకటే నవ్వు. పెళ్లైన ఇన్నేళ్లకి మెడ వంచడం కష్టమైందా నీకు, అంది. ఇక అలసట గురించి చెప్పడం దండగ. వంటగదిలోంచి కొట్లోకి వచ్చేసరికి ఆరుమైళ్లు నడిచినట్టుండేది. ఆడది అలిసిపోయానంటే ఎవరు వింటారు? అందరూ అలిసిపోయేవాళ్లే, నువ్వొక్కదానివి కొత్తగా చెప్పొచ్చావా అంటారు. కాటా దగ్గర కూర్చున్నదాన్ని ఉన్నట్టుండి లేచి పెరట్లోకి పరిగెత్తాల్సొచ్చేది. ఒక్కోసారి అందుకోలేకపోయేదాన్ని. తడిసిన చీర దాచుకుంటూ బస్తాల వెనక నిలబడి, చిన్నమ్మి పొడి చీర తెచ్చేదాకా, లెక్కలు చూస్తున్నట్టు నటించేదాన్ని.

సంత నడిమధ్యలో మోకాళ్లు మడతపడి కూలబడ్డాక విశాఖపట్నం తీసుకెళ్లారు. గుహలాంటి మిషన్లో పడుకోబెట్టి తల లోపల ఫొటోలు తీశారు. నేనింకా ఆ గదిలో చీర సర్దుకుంటుండగానే డాక్టరమ్మ మా ఆయన్ని పిలిచి మాట్లాడేసింది. బయటికొచ్చి, నరాల జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారట, వస్తూ పోతూ ఉంటుందట, మాత్రలు రాశారు అన్నాడు. ఇంకేం చెప్పారు అని అడిగాను. ఇంకేం లేదు అన్నాడు. బస్సులో ఆ పేరు రెండుమూడుసార్లు చెప్పించుకుని నేర్చుకున్నాను. పేరు తెలిస్తే తగ్గిపోతుందా అని విసుక్కున్నాడు. తగ్గదు. కానీ ఇన్నాళ్లూ నేను బద్ధకస్తురాలిని, గాభరా మనిషిని, మెడ వంచనిదాన్ని. ఇప్పుడు నాకో జబ్బుంది. నవ్వుతారేమో, ఆ రోజు నాకు కొంచెం సంతోషంగా కూడా అనిపించింది.

ఆ సంతోషం ఎంతో కాలం లేదు. మంచం మీంచి కాస్త లేవగలిగాక సంత వంట మళ్లీ నాదే. నువ్వు చూసుకోలేవని సోనిని విజయనగరం పంపేశారు. అక్కడ వదిన ఉంది, ఇంగ్లీషు మీడియం ఉంది. ఇక్కడ బళ్లో అందరూ కొండోళ్ల పిల్లలే, మన పిల్ల పాడైపోతుంది అన్నాడు మా ఆయన. ఎవరి పంట కొని మేం అన్నం తింటున్నామో వాళ్ల పిల్లల పక్కన కూర్చుంటే మా పిల్ల పాడైపోతుంది! ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ, జడ వేయలేని చేతులు ఒళ్లో పెట్టుకుని ఏం వాదిస్తాను? దసరాకి నేనే కిందికి వెళ్లాను. సోనికి జుట్టు కత్తిరించేసి ఉంది. రోజూ జడలు వేయడానికి తీరిక ఎక్కడిది, అంది వదిన. ఆ బోసి మెడ చూసి నాకు ఏడుపాగలేదు. విజయనగరంలో ఎండ కాలిపోతోంది. రెండోరోజుకే కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టాను. మూడోరోజు సోని స్నేహితురాళ్లు ఇంటికొచ్చినప్పుడు నడవాలో పడిపోయాను. లేవలేకపోయాను. చీర తడిసిపోయింది. సోని గుడ్లప్పగించి నా వంక చూస్తూ నిలబడిపోయింది, ఆ పిల్లలూ చూశారు.

తర్వాతి ఆదివారం ఫోన్ చేసినప్పుడు, సంక్రాంతి తర్వాత మళ్లీ వస్తాను తల్లీ అన్నాను. "నువ్వు ఇక్కడికి రాకమ్మా. వస్తే పడిపోతావు" అంది. సిగ్గుపడుతోంది నా కూతురు, అనుకున్నాను. ఫోన్ పెట్టేసి ఎస్టీడీ బూతులోంచి బయటికి రావడానికి నాకు చాలాసేపు పట్టింది. దాని తప్పేం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఆ మాట నన్ను నమిలేసింది. రోజూ మంచం మీద రగ్గు కింద పడుకుని, దాని జుట్టు ఎంత పెరిగుంటుందో ఊహించుకునేదాన్ని. చెవుల దాకా వచ్చుంటుంది. భుజాల దాకా వచ్చుంటుంది. మళ్లీ కత్తిరించేసుంటారు.

ఆ దసరాకి ముందు ఒక రోజు జరిగింది చెప్పాలి. శ్రావణమాసం, సంత రోజు. కొట్టు ముందు టార్పాలిన్ కట్టి నన్ను దాని కింద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. టార్పాలిన్ తెగి నీళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. కొండ వాన సంగతి తెలుసు కదా, ఎముకల్లోకి దిగుతుంది. అందరూ తలో దిక్కు పరిగెత్తారు. సరుకు తడిసిపోతోందన్న కంగారులో నేనూ లేచాను. రాజ్‌మా బస్తా ఒక కొస నేనూ, ఇంకో కొస యర్రమ్మా పట్టుకుని లోపలికి లాక్కొచ్చాం. యర్రమ్మ కొండదొర తెగ మనిషి, ఎన్నో ఏళ్లుగా మాకు అల్లం అమ్ముతోంది. బస్తా దించి నా వైపు చూసి, "ఏటి సావుకారమ్మా, బేగి నడిసేత్తన్నావు" అంది. అప్పుడు చూసుకున్నాను నా కాళ్ల వంక. గోడ పట్టుకోలేదు, మనిషిని పట్టుకోలేదు. మళ్లీ బయటికెళ్లాను. ఊరికే. వానలో వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. యర్రమ్మ గొడుగు కింద నిలబడి, పిచ్చెక్కిందేమో అన్నట్టు నవ్వుతూ చూసింది. చెప్పు కింద బురద తెలుస్తోంది, నీళ్లు తెలుస్తున్నాయి. అరికాలికి నేల తగలడం ఎంత బాగుంటుందో, పోగొట్టుకోనివాళ్లకి చెప్పినా తెలీదు.

తడిసి ముద్దై వచ్చిన నన్ను చూసి అత్త లబోదిబోమంది. కాగు నిండా నీళ్లు కాచి పోసింది. దీపాలు పెట్టేవేళకి కాళ్లు మడతపడిపోయాయి. వానలో తడిస్తే మరేటవుద్ది అంది ఆవిడ. మా ఆయనకి అన్నం వడ్డిస్తుంటే, పీట మీద కూర్చునే చెప్పాను. ఏమండీ, వానలో నేను బాగా నడిచాను, చల్లగా ఉంటేనే నాకు బాగుంటోంది, వేడినీళ్లు పోశాకే పడిపోతున్నానేమో అన్నాను. ఆయన ముద్ద కలుపుతూ, తలెత్తకుండా అన్నాడు: "అదంతా నీ భ్రమ. అలా ఆలోచిస్తే జబ్బు ఇంకా ముదురుతుంది." చాలా నెమ్మదిగా అన్నాడు. నేను నమ్మాను. చదువుకున్నవాడు, డాక్టరుతో మాట్లాడినవాడు. నాకు తెలిసిందల్లా నా ఒళ్లే కదా, దానికి జబ్బు చేసింది, దాని మాట ఎలా నమ్మను అనుకున్నాను.

మాఘమాసంలో అత్త తేల్చేసింది. ఈ చలిలో ఉంటే రత్నం మంచాన పడుతుంది, కింద ఎండకి నరాలు సాగుతాయి, విజయనగరంలో వదిన ఇంటి పక్కనే వాటా తీసుకుని తను నన్ను చూసుకుంటుంది, వరహాలు కొట్టు చూసుకుంటాడు. ఇక ఎప్పటికీ కిందే. మా ఆయన సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. ఎందుకనను? సోని ఉంది అక్కడ. పొద్దున్న బడికెళ్లేటప్పుడు కనిపిస్తుంది, సాయంత్రం వచ్చి నా పక్కన పడుకుంటుంది. సిగ్గుపడితే పడనీ, గదిలోంచి బయటికి రాను. ఈ మంచూ ఈ చలిగాలీ పోతాయన్న దిగులుని ఆ ఒక్క ఆశ కింద పెట్టి నొక్కేశాను. చీరలు సర్దడం మొదలుపెట్టాను. పాపకి పెట్టాల్సిన రిబ్బన్లు కూడా కొన్నాను, ఎంత జుట్టుందో తెలియకుండానే.

వెళ్లే ముందు ఒకసారి డాక్టరమ్మకి చూపిద్దామని మళ్లీ విశాఖపట్నం వెళ్లాం. ఈసారి ఆవిడ నా కాళ్లూ కళ్లూ పరీక్ష చేయాలని మా ఆయన్ని బయట కూర్చోమంది. నేను ఒంటరిగా ఒక డాక్టరు ముందు కూర్చోవడం అదే మొదలు. రోజెలా గడుస్తుందమ్మా అని అడిగింది. చెప్పాను. నూనె, వేడినీళ్లు, రగ్గు. ఆవిడ మోకాళ్ల మీద తట్టి చూసే చిన్న సుత్తి పక్కన పెట్టేసింది.

"వేడి తగలనివ్వొద్దని మీ వారికి ఆరోజే చెప్పానే. వేడినీళ్లు వద్దు, ఎండ వద్దు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు వద్దని. చెప్పలేదా మీకు?"

తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. కరెంటు తీగ మీద తొడుగున్నట్టే నరాల మీదా ఒక తొడుగుంటుందట. ఈ జబ్బులో అది అక్కడక్కడా పాడైపోతుంది. ఒళ్లు వేడెక్కితే ఆ పాడైన చోట మెదడు పంపే కబురు ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ కొంత నడుస్తుంది. చలి మందు కాదు, జబ్బు పోదు, ముందుముందు ఎలా ఉంటుందో తనూ చెప్పలేనంది. కానీ వేడికి దూరంగా, అలిసిపోకుండా ఉంటే, ఉన్న ఓపిక ఉన్నన్నాళ్లు వాడుకోవచ్చు. మీది కొండ ప్రాంతం కదా, అదృష్టవంతులు, అంది. అదృష్టవంతులు! విజయనగరం వెళ్లిపోతున్నాం అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసి, ఆలోచించుకోండి అంది. లేచేముందు నేను ఒక్కటే అడిగాను. ఈసారి నుంచి ఏం చెప్పినా నాకే చెప్పండి అన్నాను.

ఆ సాయంత్రం లాడ్జిలో నేనేమీ అడగలేదు. ఊరంతా ఉక్కపోత, నా కాళ్లు దిమ్మెక్కి ఉన్నాయి. మర్నాడు పొద్దున్న కిరండోల్ ప్యాసింజరు ఎక్కాం. రైలు శృంగవరపుకోట దాటి కొండెక్కుతుంటే కిటికీలోంచి గాలి మారడం మొదలైంది. అప్పుడడిగాను.

"నాకు వేడి పడదని డాక్టరమ్మ మీకు ముందే చెప్పిందట."

ఆయన బయటికి చూస్తూ కూర్చున్నాడు. సొరంగం వచ్చింది, పిల్లలంతా ఒకటే కేకలు. వెలుతురొచ్చాక, "చెప్పింది" అన్నాడు.

ఎందుకు దాచారని అడిగాను. దాచడమేంటి అన్నాడు. అమ్మ అంత ప్రేమగా చేస్తోంది, ఒద్దంటే ఎంత బాధపడుతుంది, పెద్దావిడ అన్నాడు. అది చాలదనిపించిందేమో, తనే మళ్లీ అన్నాడు: "అయినా పొయ్యి దగ్గరికి పోకూడదంటే ఇల్లెలా నడుస్తాది రత్నం? సంత రోజు అంతమందికి వంటెవరు చేస్తారు? చేసి తీరాల్సిన పని, మరి చెప్పి నిన్ను బాధపెట్టడం ఎందుకని."

కోపంగా అనలేదు. నా మంచి కోసమే చెప్పినట్టు, కొంచెం దయగా కూడా అన్నాడు. నేనాయన మొహంలోకి చూశాను. ఈ మనిషే కదా ఆ వాన రోజు ముద్ద కలుపుతూ తలెత్తకుండా భ్రమ అన్నది. అప్పటికే తెలుసు. నా కాళ్లు నిజం చెబుతున్నాయని ఆ ఇంట్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆయన మాట పట్టుకుని నేను నా కాళ్లనే అనుమానించాను. రోజూ ఆ మంచం మీద పడుకుని, నాకు పిచ్చి పడుతోందేమోనని భయపడ్డాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, తాగి రాలేదు. ఒక మాట చెప్పలేదు, అంతే. దానికి పోలీసులూ లేరు, పెద్దమనుషులూ లేరు. పుట్టింటివాళ్లకి చెబితే, ఓస్ ఇంతేనా అంటారు.

బొర్రా స్టేషన్లో గుహలు చూడ్డానికొచ్చిన జనం దిగిపోయారు. పెట్టె ఖాళీ అయింది. తలుపు దగ్గర్నుంచి చల్లగాలి జొరబడింది. చెప్పుల్లో నా వేళ్లు కదిలాయి. అప్పుడు తట్టింది నాకు సోని మాట. నువ్వు ఇక్కడికి రాకమ్మా, వస్తే పడిపోతావు. పిల్ల చూసింది చూసినట్టు చెప్పింది. పైన ఉన్నప్పుడు అమ్మ ఎలాగోలా నడుస్తుంది, ఇక్కడికి వస్తే పడిపోతుంది. అందుకని రావద్దంది. తల్లిని చూడాలని ఉన్నా రావద్దంది. దాన్ని నేను, కన్నతల్లిని, ఇన్నాళ్లూ సిగ్గు అనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అత్త మీద కోపంతో ఏడుస్తున్నాననుకుని మా ఆయన, ఇంటికెళ్లాక రాద్ధాంతం చెయ్యకు అన్నాడు.

అరకులో రైలు దిగేటప్పుడు ఆయన చెయ్యి అందించాడు. నేను కడ్డీ పట్టుకుని దిగాను. జీపులో ముందు సీట్లో, గాలి తగిలే పక్కన కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి అత్త కాగు కింద మంట పెట్టి ఉంచింది. ప్రయాణం బడలిక కదా, నీళ్లు పోస్తాను రా అంది. పెరటి గుమ్మంలో నిలబడి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. వేడే నన్ను పడేస్తోందని, మొదటిసారే ఆ మాట చెప్పిందని. మా ఆయన వెనక నుంచి, ఇప్పుడెందుకవన్నీ అంటున్నాడు. అత్త నన్ను దాటి కొడుకుని చూసింది.

"నీకు తెలుసా ఈ మాట?"

నువ్వు బాధపడతావని, అంటూ ఆయన ఏదో మొదలెట్టాడు.

"నాకోసమని సెప్పకు. నన్ను అడ్డం పెట్టీసి, నా సేతుల్తోటే నా కోడలి కాళ్లు ఇరగ్గొట్టించినావురా."

ఆవిడ గొంతు పెద్దది చేయలేదు. వంగి, కాగు కింద మండుతున్న దుంగలు ఒక్కొక్కటే బయటికి లాగి, చెంబుతో నీళ్లు పోసి ఆర్పింది. పెరడంతా పొగ. తర్వాత అక్కడే తడినేల మీద కూలబడి, మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నూనె ఇంకిపోయిన ఆ చేతుల్ని నా చేతుల్లోకి తీసుకున్నాను. నా వేళ్లకి వాటి స్పర్శ పూర్తిగా తెలియదు. తెలిసినంత చాలనుకున్నాను.

మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆఖరికి, మరి వచ్చేవారం విజయనగరం ప్రయాణం ఏం చేద్దాం అన్నాడు.

"ప్రయాణం ఉంది. మీరొక్కరే దిగండి. సోనిని తీసుకుని పైకి రండి."

ఇక్కడి బళ్లోనా, కొండోళ్ల పిల్లల మధ్యనా అన్నాడు. ఇక్కడి బళ్లోనే, అన్నాను. దాని చదువు పాడైపోతుందన్నాడు. తల్లి కాళ్లు దేనికి పడిపోతున్నాయో ఎవరూ చెప్పకుండానే కనిపెట్టిన పిల్ల, దాని చదువుకేం ఢోకా లేదన్నాను. ఇంత గట్టిగా నేను మాట్లాడగలనని నాకే తెలీదు. ఆయన అత్త వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు, ఆయనకి సాయం రాలేదు. ఇక ఆయన దగ్గర మిగిలింది ఒకే ఒక్క ప్రశ్న. నిజానికి మొదట్నుంచీ ఆయన దగ్గరున్నది అదొక్కటే.

"మరి వంటో?"

నేను గోడ పట్టుకుని లేచి, గాలి తగిలే చోటు చూసుకుని, వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నాను.

"బియ్యం కడగండి. ఎసరు ఎంత పెట్టాలో నేను ఇక్కణ్ణుంచి చెప్తాను" అన్నాను.